పక్కన కూర్చున్న మనిషి



విక్రమ్ సారాభాయి పేరు వినని శ్రోత ఉండరు. 1969లో మన శ్రీహరికోట దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నప్పుడు దేశ అంతరిక్ష కార్యక్రమానికి పెద్దదిక్కు ఆయనే. ఆయన అన్నగారు గౌతమ్ సారాభాయి పేరు మాత్రం మనవైపు చాలామందికి తెలియదు. అహ్మదాబాదులో ఆ కుటుంబానికి కాలికో మిల్లు అని పెద్ద బట్టల మిల్లు ఉండేది. దాన్ని నడిపింది గౌతమ్. ఆయనా, ఆయన భార్య కమలినీ కలిసి 1951లో అదే ఊళ్ళో బి.ఎం. ఇన్‌స్టిట్యూట్ అనే మానసిక ఆరోగ్య సంస్థను స్థాపించారు. కమలిని లండన్ వెళ్ళి మనోవిశ్లేషణ నేర్చుకుని వచ్చారు. 1953లో లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు వాళ్ళ మిల్లుకు వచ్చారు. మగ్గాలు అవే, మనుషులూ వాళ్ళే. ఎవరి పని వారిదిగా విడివిడిగా ఉన్న కార్మికులను చిన్న చిన్న జట్లుగా కూర్చారు. ఒకరికొకరు బాధ్యులైన ఆ జట్లలో ఉత్పత్తి పెరిగింది, పాడైపోయే బట్ట తగ్గింది. 1962లో ఎరిక్ ఎరిక్సన్ అనే పేరుమోసిన మనోవిశ్లేషకుడు కూడా ఆ కుటుంబం పిలుపు మీదే అహ్మదాబాదు వచ్చారు. 1918లో ఆ ఊళ్ళో జరిగిన మిల్లు సమ్మె గురించి అక్కడే విన్నారు. ఆ సమ్మెలో యజమానుల పక్షాన నిలబడింది గౌతమ్, విక్రమ్‌ల తండ్రి అంబాలాల్. కార్మికుల పక్షాన గాంధీగారి పక్కన నిలబడింది అంబాలాల్‌కు స్వయానా అక్క అనసూయ. ఎరిక్సన్ ఆ సమ్మె చుట్టూ గాంధీగారి మనసును చదువుతూ 1969లో పెద్ద పుస్తకమే వేశారు.

రాకెట్లను శ్రీహరికోటకు తెచ్చిన ఇల్లూ, మనసు లోతుల్ని చూసే చదువును అహ్మదాబాదుకు తెచ్చిన ఇల్లూ ఒకటేనన్న సంగతి నాకు చాలా ఇష్టం. ఆ రెండిటినీ కలిపి చూడడానికే ఈ ప్రసంగం.

సైకోడైనమిక్ దృక్పథం అంటారు ఆ చదువును. దానికి మూలపురుషుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. వియన్నాలో ఎర్న్‌స్ట్ బ్రూకే అనే శరీరశాస్త్రజ్ఞుడి ప్రయోగశాలలో ఆయన కుర్రతనంలో పనిచేశారు. ప్రాణం ఉన్న దేహాన్ని కూడా కొన్ని శక్తులుగా, వాటి మధ్య లాగులాటగా చూడడం ఆ ప్రయోగశాల పద్ధతి. ఫ్రాయిడ్ ఆ చూపును మనసు మీదకు తిప్పారు. ఒక పని ఎందుకు చేశావని అడిగితే మనం చెప్పే కారణం ఒకటి ఉంటుంది. మనకే తెలియని కారణాలు దాని కింద ఇంకొన్ని ఉంటాయి. ఒకే మనిషి మీద మనకు ప్రేమా ఉంటుంది, కోపమూ ఉంటుంది. ఒప్పుకోలేని కోరికనూ తట్టుకోలేని భయాన్నీ మనసు అడుగుకు తొక్కేస్తుంది. తొక్కేసినంత మాత్రాన అవి పోవు. కలలో వస్తాయి, నోరుజారిన మాటలో వస్తాయి, పరీక్షలన్నీ చేయించినా కారణం దొరకని తలనొప్పిలో వస్తాయి, మళ్ళీ మళ్ళీ చేసే అదే తప్పులో వస్తాయి. పసితనంలో మనల్ని పెంచినవాళ్ళతో మనకు కుదిరిన బంధం ఎలాంటిదో, పెద్దయ్యాక పై అధికారితోనో కట్టుకున్నవాళ్ళతోనో కన్నబిడ్డతోనో మనం మెలిగే తీరులో దాని జాడ కనిపిస్తూనే ఉంటుంది.

ఆందోళన నుంచి తనను తాను కాపాడుకోవడానికి మనసు పన్నే ఉపాయాలను ఫ్రాయిడ్ కూతురు అన్నా ఫ్రాయిడ్ 1936లో ఒక పుస్తకంలో వరసపెట్టి వివరించారు. వాటిలో కొన్ని మన ఇళ్ళలో ముసలమ్మలకు ఎప్పటినుంచో తెలుసు. అత్త మీద కోపం దుత్త మీద చూపించే కోడలు ఆమె పుస్తకంలోనూ ఉంది, వేరే పేరుతో. ఆడలేక మద్దెల ఓడు అనే మనిషీ ఈ చదువుకు తెలిసినవాడే. తెలిసీ అబద్ధమాడుతున్న మనిషి కాడతను. మద్దెల నిజంగానే బాగాలేదని అతనికి నమ్మకం. ఆ నమ్మకం లేకపోతే తన చేతకానితనాన్ని తను చూడాల్సి వస్తుంది. అది భరించలేడు కాబట్టే మద్దెలలో లోపం కనబడుతుంది. ఈ దృక్పథంలో నన్ను కట్టిపడేసేది ఇదే. ఎదుటి మనిషి తప్పుడు మాటను పట్టుకుని నిలదీయడం దీని పద్ధతి కాదు. ఆ మాట వెనక అతను భరించలేకపోతున్నది ఏమిటని అడుగుతుంది.

మన దేశానికి ఇది కొత్త సంగతేమీ కాదు. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే వైద్యుడు 1921లో ఈ అణచివేత మీదే డాక్టరేటు రాసి ఫ్రాయిడ్‌కు పంపారు. 1922లో భారతీయ మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించారు. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసుకున్నారు గానీ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు. 1931లో ఫ్రాయిడ్ డెబ్బై అయిదో పుట్టినరోజుకు కలకత్తా నుంచి దంతంతో చేసిన విష్ణుమూర్తి విగ్రహం వెళ్ళింది. దేవుడంటే నమ్మకం లేని ఆ పెద్దమనిషి దాన్ని తన రాతబల్ల మీద పెట్టుకున్నారు. తిరుపతి జిల్లాలో కూర్చుని ఈ సంగతి చెప్పుకోవడం బాగుంది.

ఇప్పుడు నాకు కావలసిన మనిషి దగ్గరికి వస్తాను. విల్‌ఫ్రెడ్ బియాన్. ఆయన పుట్టింది 1897లో, మన మధురలో, శ్రీకృష్ణుడి మధురలో. తండ్రి ఇక్కడ ఇంజనీరు. పసివాణ్ణి పెంచిన చేతుల్లో ఒక భారతీయ ఆయా చేతులు కూడా ఉన్నాయి. ఎనిమిదేళ్ళు రాగానే అప్పటి ఆంగ్ల కుటుంబాల ఆనవాయితీ ప్రకారం ఇంగ్లండులో హాస్టలుకు పంపేశారు. మళ్ళీ ఆయన ఈ దేశం చూడలేదు. ఇరవై ఏళ్ళ వయసులో మొదటి ప్రపంచయుద్ధంలో ట్యాంకు నడిపించి, పక్కనున్నవాళ్ళు చచ్చిపోతుంటే చూసి, తర్వాత వైద్యుడై టావిస్టాక్‌లో పనిచేసి, ఆపైన మనోవిశ్లేషకుడయ్యారు.

పసిబిడ్డకు ఆకలి వేసినా, భయం వేసినా అదేమిటో తెలియదంటారు బియాన్. చచ్చిపోతున్నట్టే ఉంటుంది దానికి. గుక్కపట్టి ఏడుస్తుంది. ఆ ఏడుపు తల్లి మనసులో పడుతుంది. ఆమె కంగారుపడి బిడ్డను విసిరికొట్టదు, చెవులు మూసుకోదు. ఆ భయాన్ని కాసేపు తన మనసులో ఉంచుకుని, అదేమిటో పోల్చుకుని, ఎత్తుకుని ఊరుకోబెడుతుంది. వేడి అన్నం ముద్దను ఊది చల్లార్చి బిడ్డ నోట్లో పెట్టినట్టు, బిడ్డ భయాన్ని బిడ్డ తట్టుకోగలిగేలా చేసి తిరిగి ఇస్తుంది. ఇలా వేల సార్లు జరిగాక బిడ్డ తన భయాన్ని తానే పోల్చుకోవడం నేర్చుకుంటుంది. బియాన్ దృష్టిలో ఆలోచించే శక్తి పుట్టేదే అక్కడ. మొదట ఇంకొకరి మనసులో చోటు దొరకాలి, ఆ తర్వాతే మన మనసు మనకు పనికొస్తుంది. పెద్దవాళ్ళకూ, పదిమంది కలిసి పనిచేసే చోటుకూ ఇదే వర్తిస్తుందని ఆయన రాశారు.

బియాన్ 1979 నవంబరులో కన్నుమూశారు. దానికి దాదాపు మూడు నెలల ముందు శ్రీహరికోటలో ఒక సంగతి జరిగింది.

1979 ఆగస్టు 10. ఉదయం 7 గంటల 58 నిమిషాలు. ఇరవై మూడు మీటర్ల పొడవు, పదిహేడు టన్నుల బరువున్న ఎస్.ఎల్.వి.-3 రాకెట్ పైకి లేచింది. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టడానికి మన దేశం చేసిన మొదటి ప్రయత్నం అది. మొదటి దశ చక్కగా మండింది. రెండో దశ అదుపు తప్పింది. అయిదు నిమిషాలు దాటి పదిహేడు సెకన్లకు కథ ముగిసింది. శ్రీహరికోటకు 560 కిలోమీటర్ల దూరంలో అంతా సముద్రంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు ఎ.పి.జె. అబ్దుల్ కలాం.

ఆ రోజు తర్వాతి గంటలను కలాం తన ఆత్మకథలో దాచుకోకుండా చెప్పారు. ఆ పుటలను మనసు గురించిన పాఠంగా చదవాలని నా మాట. ఆ ప్రయోగానికి ముందు కొద్ది ఏళ్ళలోనే ఆయన బావ జలాలుద్దీన్ పోయారు. తండ్రి పోయారు. వెంటనే తల్లీ పోయారు. ముగ్గురూ ఆయనను పెంచినవాళ్ళే. ఆ దుఃఖాల మధ్య ఆయన పని ఆపలేదు. మరింతగా పనిలో మునిగిపోయారు. మనలో చాలామందిమి అలాగే చేస్తాం. పనిలో పడి దుఃఖాన్ని వాయిదా వేయడం మనసు ఉపాయాల్లో చాలా గౌరవమైనది, అందరూ మెచ్చుకునేది. అలాంటి మనిషికి ఆ పని కూడా కళ్ళముందే కూలిపోతే మిగిలేదేమిటి?

ఆయన ఎవరితోనూ ఏమీ చెప్పలేనంత అలసటతో గదికి వెళ్ళి మంచం మీద వాలిపోయారు. భుజం మీద ఎవరో మెత్తగా చెయ్యి వేస్తే మెలకువ వచ్చింది. అప్పటికి సాయంత్రం కావస్తోంది. మంచం పక్కన బ్రహ్మప్రకాశ్ కూర్చుని ఉన్నారు. విక్రమ్ సారాభాయి అంతరిక్ష కేంద్రం డైరెక్టరుగా కలాం పైఅధికారి, లోహశాస్త్రంలో ఉద్దండుడు, వయసులో పెద్ద. భోజనానికి వెళదామా అని అడిగారు. అంతకుముందు రెండుసార్లు వచ్చి, నిద్రపోతున్నారని చూసి, లేపకుండా వెళ్ళిపోయారని కలాంకు తర్వాత తెలిసింది.

ఎందుకు కూలిందని అడగలేదు. పరవాలేదులే అని కూడా అనలేదు. పరవాలేదు అనడం కూడా ఒక్కోసారి ఎదుటివాడి బాధను మనం చూడలేక చేసే పనే. బ్రహ్మప్రకాశ్ వచ్చారు, చూశారు, వెళ్ళారు, మళ్ళీ వచ్చారు, కూర్చున్నారు, అన్నం మాట ఎత్తారు. బియాన్ చెప్పిన తల్లి పని అదే. వయసు మళ్ళిన ఒక లోహశాస్త్రజ్ఞుడు రాకెట్ కేంద్రంలో ఆ పని చేశారు.

రెండో మనిషి సతీశ్ ధావన్, ఇస్రో ఛైర్మన్. వైఫల్యం రోజున పత్రికలవాళ్ళ ముందుకు కలాంను పంపలేదు. తానే వెళ్ళారు. వైఫల్యం తనదన్నారు, తన మనుషుల మీద తనకు నమ్మకం ఉందన్నారు. ఈ సంగతి కలాం తర్వాత దేశమంతా తిరిగి పిల్లలకు చెప్పారు, మీలో చాలామంది వినే ఉంటారు. నాయకత్వ పాఠంగా దీన్ని ఎన్నోసార్లు విన్నాం. దాని తర్వాత జరిగిన ముక్కను మాత్రం వదిలేస్తుంటాం. నాకు అదే ముఖ్యం.

వైఫల్యం మీద సమీక్ష జరిగింది. డెబ్బైమందికి పైగా శాస్త్రజ్ఞులు కూర్చున్నారు. రెండో దశను అదుపు చేసే వ్యవస్థలో ఒక కవాటం దుమ్ము వల్ల సరిగా మూసుకోలేదని, దానితో నైట్రిక్ ఆమ్లం కారిపోయిందని, రాకెట్‌ను తిప్పడానికి కావలసిన శక్తి లేకుండా పోయిందని తేలింది. సాంకేతికంగా కారణం దొరికేసింది. ఊరుకుంటే ఊరుకోవచ్చు. అప్పుడు కలాం లేచి నిలబడి, ఆ ఆమ్లం కారడం కౌంట్‌డౌన్ చివరి ఘట్టంలో తమకు కనబడిందని, అది పెద్ద విషయం కాదని తేల్చుకున్న తప్పు తనదని, ప్రయోగాన్ని ఆపి ఉండాల్సిందని ఒప్పుకున్నారు.

ఆ ఒప్పుకోలు ఎలా సాధ్యమైంది? ఆయన నిజాయితీ వల్ల అని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. నిజాయితీ ఉంది, కాదనను. కానీ అదే నిజాయితీపరుణ్ణి పత్రికలవాళ్ళ ముందు ఒంటరిగా నిలబెట్టి, పై అధికారులు తలా ఒక మాట అని ఉంటే ఏమయ్యేది? బయటినుంచి రాళ్ళు పడుతున్నప్పుడు మనిషి బలమంతా రాళ్ళను కాచుకోవడానికే ఖర్చయిపోతుంది. తన తప్పు వైపు చూసే తీరిక ఉండదు. మద్దెల ఓడైపోతుంది. కవాటం, దుమ్ము, కంప్యూటరు, పక్క విభాగం, ఎన్ని దొరకవు! బయటి నిందను ధావన్ తన మీద వేసుకున్నారు కాబట్టి లోపలి నిజాన్ని కలాం చూడగలిగారు. ధావన్ బియాన్‌ను చదివారని నేను అనడం లేదు. చదవకుండానే ఆ పని చేశారు, అంతే.

మెలనీ క్లైన్ అనే మనోవిశ్లేషకురాలు దీన్నే ఇంకొక వైపు నుంచి చెప్పారు. బాధ కలిగినప్పుడు మనసుకు రెండు దారులుంటాయంటారు ఆమె. ఒక దారిలో చెడు అంతా బయట ఉంటుంది, మనం దాడికి గురైనవాళ్ళం, ఎవడో శత్రువు. రెండో దారిలో చెడులో నా వాటా కూడా ఉందని మనసు ఒప్పుకుంటుంది, బాధపడుతుంది, ఆ బాధ నుంచి బాగుచేయాలనే కోరిక పుడుతుంది. రెండో దారి కష్టం. ఒంటరివాడికి మరీ కష్టం. బాగుచేయాలనే ఆ కోరిక శ్రీహరికోటలో ఎక్కడికి వెళ్ళిందో మనకు తెలుసు. ఏడాది తిరగకముందే 1980 జులై 18న, ఉదయం 8 గంటల 3 నిమిషాలకు మళ్ళీ ఎస్.ఎల్.వి.-3 లేచింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలో చేరింది. ఆ రోజు పత్రికలవాళ్ళతో మాట్లాడే పనిని ధావన్ కలాంకు అప్పగించారు.

ఇక శ్రీహరికోటలో ఒక ఆచారం ఉంది. పెద్ద ప్రయోగానికి ముందు శాస్త్రజ్ఞులు రాకెట్ నమూనాను తీసుకుని తిరుమల వెళతారు. సూళ్ళూరుపేటలో చెంగాళమ్మ తల్లి దగ్గర పూజ చేయిస్తారు. ప్రతిసారీ టీవీ చర్చల్లో దీని మీద తగువు నడుస్తుంది. శాస్త్రానికి ఇది తలవంపు అని ఒకరు, మన సంప్రదాయం అని ఒకరు. ఫ్రాయిడ్ ఉంటే మొదటివారి వైపే ఉండేవారు. మతాన్ని ఆయన 1927లో భ్రమ అనే అన్నారు. ఆయన తర్వాతివాళ్ళు అంత తొందరపడలేదు. డొనాల్డ్ విన్నికాట్ అనే పిల్లల వైద్యుడు, పసిపిల్లలు వదలకుండా పట్టుకు తిరిగే పాత దుప్పటి ముక్కను చూసి ఒక గొప్ప సంగతి చెప్పారు. లోపలి మనసుకూ బయటి ప్రపంచానికీ మధ్య మనిషికి ఒక చోటు కావాలి. అక్కడ ఇది నిజమా కల్పనా అని ఎవరూ అడ్డు ప్రశ్న వేయకూడదు. ఆటా, కళా, భక్తీ అన్నీ ఆ చోటులోనివే. మన దేశపు మనోవిశ్లేషకుడు సుధీర్ కాకర్ కూడా ఇదే వైపు నిలబడ్డారు. కాకర్ మొదట చదివింది ఇంజనీరింగు. అహ్మదాబాదులో ఎరిక్సన్‌ను కలిశాక ఆయన దారే మారిపోయింది.

ఏళ్ళ తరబడి చేసిన పని నిమిషాల్లో తేలిపోతుంది. లెక్కలన్నీ సరిచూశాక కూడా లెక్కకు అందనిది కొంత మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని మనిషి ఎక్కడ పెట్టుకోవాలి? చెంగాళమ్మ ముందు పెట్టుకుంటే, గుడి బయటికి వచ్చి మళ్ళీ కవాటాన్ని శ్రద్ధగా చూడగలిగితే, నాకు అందులో తప్పేమీ కనబడదు. కవాటం చూడడం మానేసి గుడికి వెళితే తప్పు. శ్రీహరికోటలో అలా జరగదు.

ఇంతవరకు గెలుపు కథ. ఈ దీవి మీద వేరే రకం నష్టాలూ ఉన్నాయి, వాటిని దాటేసి వెళ్ళడం నాకు చేతకాదు. 2004 ఫిబ్రవరి 23న ఘన ఇంధనం తయారయ్యే చోట ప్రమాదం జరిగి ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రాకెట్ కూలితే సమీక్ష ఉంటుంది, రెండో ప్రయత్నం ఉంటుంది. మనిషి పోతే రెండో ప్రయత్నం ఉండదు. ఏడవడం ఒక్కటే ఉంటుంది, దానికి కావలసినంత కాలం ఇవ్వాలి.

దానికంటే ముందటి నష్టం యానాది గిరిజనులది. రాకెట్ కేంద్రం రాకముందు తరతరాలుగా ఈ దీవి అడవి వాళ్ళది. తేనె, దుంపలు, మూలికలు, చేపలు, పాములు, ఎలుకలు, ఏ చెట్టు ఎప్పుడు ఏమి ఇస్తుందో వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. దేశ అవసరం కోసం దీవిని తీసుకున్నప్పుడు ఆ అడవి కంచె లోపలికి వెళ్ళిపోయింది, వాళ్ళలో చాలామంది కంచె బయటికి వచ్చారు. ఫ్రాయిడ్ 1917లో దుఃఖం మీద ఒక వ్యాసం ప్రచురించారు. పోయిన మనిషి కోసమే మనిషి దుఃఖిస్తాడని అనుకోవద్దని, పోయిన నేల కోసం, పోయిన స్వేచ్ఛ కోసం కూడా అంతే దుఃఖిస్తాడని అందులో చెప్పారు. ఏం పోయిందో తనకే తెలియనప్పుడు, తెలిసినా ఏడవడానికి వీల్లేనప్పుడు ఆ దుఃఖం లోపలికి తిరిగి మనిషిని తనకు తానే చిన్నవాణ్ణి చేస్తుందని కూడా చెప్పారు.

యానాదుల మీద బయటివాళ్ళు వేసిన ముద్రలు మీకు తెలుసు. సోమరులు, నిలకడ లేనివాళ్ళు, తాగుబోతులు. బ్రిటిషువాళ్ళయితే వాళ్ళలో కొందరిని నేరస్థ జాతుల చట్టం కిందే పెట్టారు. ఒక పసిబిడ్డ పుట్టుకతోనే దొంగ అని కాగితం మీద రాసుకునే స్థితికి ఒక ప్రభుత్వం ఎలా చేరుతుంది? తనలో తాను ఒప్పుకోలేని దురాశను ఇంకొకరి మీద మోపి, వాళ్ళలో దాన్ని చూసి భయపడడం కూడా అన్నా ఫ్రాయిడ్ పుస్తకంలో ఉన్న ఉపాయమే. దేశాలకు దేశాలను కొల్లగొట్టినవాళ్ళు అడవిలో దుంపలు తవ్వుకునేవాళ్ళను దొంగలన్నారు. నెల్లూరు వైపు వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితం ధారపోసి యానాదుల మధ్య పనిచేశారు. 1962లో వాళ్ళ గురించి పుస్తకం రాశారు. వాళ్ళు పోగొట్టుకున్నదేమిటో కూర్చుని విన్న తెలుగువాళ్ళలో ఆయన ముందువరసలో ఉంటారు. ఆ వినడం ఇంకా పూర్తికాలేదని నా అభిప్రాయం. రాకెట్ కేంద్రం దేశానికి గర్వకారణమే. ఆ గర్వంలో యానాదుల నష్టానికి కూడా చోటు ఉండాలి. ఇల్లు, రేషను, బడి ఇచ్చాం కదా అనే మాట దుఃఖానికి జవాబు కాదు.

తెలుగులో ఈ మనసు చదువును మొదట ఇంటింటికీ చేర్చినవాళ్ళు డాక్టర్లు కాదు, రచయితలు. 1940ల్లో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ వచ్చింది, బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ వచ్చింది. గోపీచంద్ నాయకుడు సీతారామారావు తనతో తాను పడలేక నశించిపోతాడు. బుచ్చిబాబు నాయకుడు దయానిధి పెద్ద చదువు చదివి డాక్టరయినా, తల్లి గురించి లోకం అనుకున్న మాట అతని వెంట నడుస్తూనే ఉంటుంది. ఆ తర్వాత రావిశాస్త్రిగారి ‘అల్పజీవి’లో సుబ్బయ్య. ఈ ముగ్గురినీ చదివిన తెలుగు పాఠకుడికి ఫ్రాయిడ్ పరాయివాడిలా అనిపించడు. వాళ్ళలో ఇద్దరు, గోపీచందూ బుచ్చిబాబూ, ఆకాశవాణిలో కూడా పనిచేశారని ఈ మైకు ముందు కూర్చుని గుర్తుచేసుకోవడం నాకు గర్వంగా ఉంది.

ఈ దృక్పథం మీద విమర్శలు లేవా? ఉన్నాయి, గట్టివే ఉన్నాయి. ఏ ఫలితం వచ్చినా తనకే అనుకూలంగా చెప్పుకోగలిగే సిద్ధాంతం శాస్త్రం కాదని కార్ల్ పాపర్ అన్నారు. ఫ్రాయిడ్ స్త్రీల గురించి రాసినదాంట్లో చాలా భాగాన్ని నేను కూడా ఒప్పుకోను. వారానికి నాలుగైదు రోజులు ఏళ్ళ తరబడి సాగే వైద్యం మన ఊళ్ళలో ఎవరికి అందుతుంది? అయితే ఈ వైద్యం పాతపద్ధతిలోనే ఆగిపోలేదు. వారానికి ఒకటి రెండుసార్లు, కొన్ని నెలలపాటు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే పద్ధతులు వచ్చాయి. 2010లో జొనాథన్ షెడ్లర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త అప్పటివరకు వచ్చిన పరిశోధనలను కూడగట్టి చూసి, ఈ పద్ధతి ఫలితం ఇతర మానసిక చికిత్సలకు తీసిపోదని, చికిత్స ఆగిపోయాక కూడా మేలు పెరుగుతూనే ఉందని రాశారు. దాని మీదా వాదనలు నడిచాయి. తీవ్రమైన మానసిక జబ్బులకు మందులు తప్పవు, మందు మానేసి మాటలతో సరిపెట్టుకోమని ఎవరూ చెప్పకూడదు.

ఇప్పుడు మన ఇళ్ళ సంగతి. తిరుపతిలో, నెల్లూరులో, సూళ్ళూరుపేటలో ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ళు ఈ మాటలు వింటున్నాయని నాకు తెలుసు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ పిల్లల పక్కన ఆ గంటలో ఎవరు కూర్చున్నారు అనే ప్రశ్న నన్ను వదలడం లేదు. తల్లిదండ్రులను తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. బిడ్డ భయాన్ని తట్టుకోవాలంటే తల్లిదండ్రుల భయాన్ని తట్టుకునేవాళ్ళు ఎవరో ఒకరు కావాలి. అప్పుచేసి ఫీజు కట్టిన తండ్రి మనసులో ఎంత భయం ఉంటుంది! తను చదవలేకపోయిన చదువు, తను చేరలేకపోయిన ఉద్యోగం, అన్నీ ఆ బిడ్డ మార్కుల మీద పెట్టుకుని ఉంటాడు. ఆ సంగతి అతనికే తెలియదు. మార్కులు తగ్గితే కూలిపోయేది అతని జీవితం కూడా. ఆ భయంలోంచి నోటికి వచ్చిన మాట బిడ్డకు వేరేలా వినబడుతుంది.

అందుకని ఫలితాల రోజున పెద్దవాళ్ళు ముందు తమలో తాము మాట్లాడుకోవాలి. భార్యాభర్తలు మాట్లాడుకోవాలి, అన్నదమ్ములు మాట్లాడుకోవాలి. నాకు భయంగా ఉంది అని ఒక మగవాడు ఇంకొకరితో అనగలగాలి. బిడ్డ ఇంటికి వచ్చిన పూట కారణాలు అడగవద్దు, పక్కింటి పిల్లల మార్కులు చెప్పవద్దు. అన్నం తిన్నావా అని అడగండి, తినేదాకా పక్కన కూర్చోండి. నిద్రపోతే నిద్రపోనివ్వండి, మధ్యలో ఒకసారి వెళ్ళి చూసి రండి. ఎక్కడ తప్పు జరిగిందో తెలుసుకోవలసిందే. ఆ సమీక్ష మర్నాడో, ఆ మర్నాడో పెట్టుకోవచ్చు. అప్పటికి ఆ బిడ్డే నోరు తెరిచి చెప్పే అవకాశం ఎక్కువ.

ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేని స్థితి ఉంటే, చనిపోవాలనే ఆలోచన మీకు వచ్చినా, మీవాళ్ళకు వచ్చినట్టు అనుమానం కలిగినా, 14416 నంబరుకు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే ఈ సేవను కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. నంబరు మళ్ళీ చెబుతున్నాను, రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.